ఇరవై గజాల లోపల

అమెరికాలో విల్లుతో వేటాడేవాళ్ళు రెండు పక్షాలు. ఒక పక్షం చేతిలో కప్పీలూ తీగలూ గురిచూసే పరికరాలూ బిగించిన కాంపౌండ్ విల్లు ఉంటుంది. రెండో పక్షం చేతిలో ఒక బద్ద, ఒక తాడు. నేను ఏ పక్షమో దాచుకోను. బద్దా తాడూ పక్షం. ఆ విద్యను దగ్గరగా చూసినవాడు ఇంకో పక్షంలో ఎలా ఉండగలడో నాకు అర్థం కాదు.

చెక్క విల్లుతో మొదటి జింకను సాధించినవాడికి ఈ రెండో పక్షంలో దొరికే గౌరవం చూసి తీరాలి. కొమ్ములు ఎన్ని అంగుళాలని ఎవరూ అడగరు. ఆడజింకైనా సరే, ఏడాది వయసు జింకైనా సరే. ఎన్ని గజాల నుంచి వేశావు, బాణం ఎక్కడ దిగింది, ఎంత దూరం పోయి పడింది, ఈ మూడే అడుగుతారు. జవాబులు బాగుంటే పెద్దవాళ్ళు లేచి వచ్చి చెయ్యి కలుపుతారు. ఆ చెయ్యి కోసం ఏళ్ళ తరబడి ఎదురుచూసినవాళ్ళు ఉన్నారు. ఈ విద్యకు అమెరికాలో అందరికన్నా పెద్ద పేరు తెచ్చిన ఫ్రెడ్ బేర్ డెట్రాయిట్‌లో ఒక వేట సినిమా చూసి మనసు పారేసుకున్నది 1927లో. విల్లుతో ఆయన మొదటి జింక పడింది 1935లో. తర్వాత అలాస్కా ఎలుగుబంట్లనూ ధ్రువపు ఎలుగునూ బాణంతో పడగొట్టిన మహానుభావుడికే అంత కాలం పట్టింది.

మిషిగన్ రాష్ట్రంలో గ్రేలింగ్ అనే చిన్న ఊరుంది. ఫ్రెడ్ బేర్ విల్లుల కార్ఖానా ఒకప్పుడు అక్కడే ఉండేది. ఆ ఊరికి కొంత దూరంలో ఒక పెద్దాయన ఉన్నాడు. పేరు రాయవద్దన్నాడు కాబట్టి రాయను. వడ్రంగం చేసి రిటైరయ్యాడు. ఇంటి వెనక షెడ్డులో విల్లులు చేస్తాడు, అమ్మడు. నచ్చినవాళ్ళకు ఇస్తాడు, నచ్చనివాళ్ళకు కాఫీ ఇచ్చి పంపేస్తాడు. నేను చూసిన చేతిపనివాళ్ళలో ఆయనంతటివాడు లేడు.

ఆయన వాడే కర్ర ఓసేజ్ ఆరెంజ్. ముళ్ళచెట్టు. గరుకైన పచ్చని పెద్ద కాయలు కాస్తుంది, మనుషులు తినరు. టెక్సస్, ఓక్లహోమా, ఆర్కన్సా రాష్ట్రాల్లోని రెడ్ నది పరిసరాలు దాని పుట్టిల్లు. రైతులు కంచెలుగా నాటుకుని దేశమంతా వ్యాపింపజేశారు. రెండు వందల ఏళ్ళ కిందట ఆదివాసుల మధ్య ఒక మంచి ఓసేజ్ విల్లు ఖరీదు ఒక గుర్రం, ఒక కంబళి అని చెబుతారు. ఆయన చేతుల్లో తయారైన విల్లు పట్టుకున్నాక ఆ బేరం చవకేననిపించింది నాకు.

దుంగను ఆయన రంపంతో కోయడు. ఇనుప చీలలు దిగగొట్టి చీలుస్తాడు. రంపానికి నార దారితో పనిలేదు, చీలిక మాత్రం నార వెంటే నడుస్తుంది. చీలిన బద్దల చివర్లకు జిగురు పూసి, నీడన ఏళ్ళ పాటు ఆరబెడతాడు. ఆరాక డ్రానైఫ్ అనే రెండు పిడుల కత్తి పట్టుకుని బెరడూ దాని కింది తెల్ల చెక్కా తీసేస్తే పసుపు పచ్చని చేవ బయటపడుతుంది. అసలు పరీక్ష అక్కడ మొదలవుతుంది. చెట్టు ఏటా ఒక వలయం పెంచుకుంటుంది. విల్లు వీపు, అంటే జింక వైపు ఉండే ముఖం, ఈ కొస నుంచి ఆ కొస దాకా ఒకే ఏడాది వలయం మీద ఉండాలి. వంచినప్పుడు వీపు సాగుతుంది, పొట్ట నలుగుతుంది. కత్తి ఒక్కచోట కింది వలయంలోకి దిగితే ఎప్పుడో ఒకప్పుడు నార అక్కడే లేచి విల్లు రెండు ముక్కలవుతుంది. కణుపు వచ్చినచోట వలయం ఉబ్బుతుంది. ఆ ఉబ్బును చెక్కేయకుండా దాని చుట్టూ కత్తి తిప్పుకుంటూ పోవాలి. పెద్దాయన ఈ పని చేస్తుంటే కాగితం మందం పొర లేస్తుంది, కింది వలయం మీద గాటు కూడా పడదు. కొన్నిచోట్ల కళ్ళు మూసుకుని వేళ్ళతో తడిమి చెబుతాడు, వలయం ఎక్కడ మారిందో.

ఆ తర్వాత టిల్లరింగ్. విల్లును గోడకు కొట్టిన కొయ్యకు ఆనించి, నారికి తాడు కట్టి, కప్పీ మీదుగా దూరం నుంచి లాగుతూ రెండు రెక్కలూ ఒకేలా వంగుతున్నాయా అని చూడటం. బిర్రుగా ఉన్నచోట పొట్ట వైపు గీకాలి. మళ్ళీ లాగాలి. ప్రతి గీకుడుకూ విల్లు బలం కొంత పోతుంది, పోయింది తిరిగిరాదు. ఒకసారి ఆయన షెడ్డు ఆ చివర నిలబడి తాడు లాగుతూ, పై రెక్క కొస నుంచి నాలుగు అంగుళాల కింద బిర్రు ఉందన్నాడు. నాకు ఏమీ కనిపించలేదు. పక్కనున్న కుర్రాడు కొలబద్ద లాంటి పనిముట్టు పెట్టి రెక్క పొడవునా జరిపి చూస్తే సరిగ్గా అక్కడే తేడా చూపించింది. 28 అంగుళాలు లాగితే 50 పౌన్లు ఉండాలని మొదలుపెట్టిన విల్లును చివరికి తక్కెడకు తగిలిస్తే 51. కంటితో చేసిన పని! కంప్యూటర్ లెక్కలు వేసి పని చేసే కార్ఖానాలు ఈ ఒక్క పౌను తేడాను చూసి సిగ్గుపడాలి.

ఈ విద్య అమెరికాలో ఎలా బతికిందో రెండు ముక్కల్లో చెప్పేస్తాను. అంతర్యుద్ధంలో ఓడిన దక్షిణాది సైనికులు మారిస్ థాంప్సన్, విల్ థాంప్సన్ అనే అన్నదమ్ములు తుపాకీ ఉంచుకునే అనుమతి లేక విల్లు పట్టారంటారు. మారిస్ 1878లో రాసిన పుస్తకం విలువిద్య మీద ఒక తరానికి పిచ్చి పుట్టించింది. తర్వాత 1911లో కాలిఫోర్నియాలోని ఒరోవిల్ దగ్గర ఇషి బయటికొచ్చాడు. యాహి తెగలో మిగిలిన చివరి మనిషి. తనవాళ్ళందరూ తెల్లవాళ్ళ తుపాకులకూ ఆకలికీ పోయాక ఒంటరిగా మిగిలినవాడు. శాన్‌ఫ్రాన్సిస్కోలో విశ్వవిద్యాలయం మ్యూజియంలో ఉంచారు. అక్కడి సర్జన్ శాక్స్‌టన్ పోప్ ఇషికి వైద్యుడూ మిత్రుడూ శిష్యుడూ అయ్యాడు. ఇషి జూనిపర్ కర్రకు జంతువుల నరం అతికించి విల్లు చేసేవాడు, సీసా గాజు పెంకును చెక్కి ములికి చేసేవాడు. నారిని బొటనవేలితో లాగేవాడు. మనకు వెంటనే ఏకలవ్యుడు గుర్తొస్తాడు. బొటనవేలితో లాగే విలుకాడికి ఆ వేలు పోతే ఏం మిగులుతుందో ఇషి పద్ధతి చూస్తే తెలుస్తుంది. జింక వేటకు ముందు ఇషి చేపలు తినేవాడు కాదు, పొగ తాగేవాడు కాదు, స్నానం చేసి ఒంటికి వాసనాకులు రుద్దుకునేవాడు. 1916లో క్షయతో పోయాడు. అమెరికాలో ఈనాడు చెక్క విల్లు పట్టిన ప్రతివాడూ ఇషికి రుణపడి ఉన్నాడు. వేట ముందు ఒకసారి ఆ పేరు తలుచుకోనివాడు నా లెక్కలో విలుకాడు కాడు.

పోప్, ఆయన సహచరుడు ఆర్ట్ యంగ్ కలిసి 1920లో ఎల్లోస్టోన్‌లో గ్రిజ్లీ ఎలుగుబంట్లను బాణాలతో పడగొట్టారు, ఒక సైన్స్ మ్యూజియం కోసం. ఫ్రెడ్ బేర్ చూసిన సినిమా ఆర్ట్ యంగ్ తీసినదే. ఇక అలబామావాడు హోవర్డ్ హిల్. ఆ పేరు రాస్తున్నప్పుడే నా చెయ్యి వేగం పెరుగుతుంది. వరసగా 196 ఫీల్డ్ పోటీలు గెలిచాడు. 1928లో 172 పౌన్ల విల్లు లాగి బాణాన్ని 391 గజాలకు పైగా విసిరాడు. మనలో గట్టివాడు అనుకున్నవాడు కూడా ఆ విల్లును సగం లాగలేడు. 1938లో వచ్చిన రాబిన్‌హుడ్ సినిమాలో మనుషుల ఒంటికి కట్టిన బల్లల మీద నిజం బాణాలు దించింది ఆయనే. ఒక్కో దెబ్బకు ఆ స్టంట్ మనుషులకు 150 డాలర్లు ఇచ్చేవారని చెప్పుకుంటారు. హిల్ గురి మీద వాళ్ళకు ఎంత నమ్మకమో చూడండి. అదే అలబామాకు చెందిన బైరన్ ఫెర్గూసన్ గాలిలోకి ఎగరేసిన యాస్పిరిన్ మాత్రను లాంగ్‌బోతో పగలగొడతాడు. ఆ విల్లు మీద గురి చూసే పరికరం ఒక్కటీ ఉండదు.

గురిచూసే పరికరం లేకుండా గురి ఎలా కుదురుతుంది? కొమ్మన ఉన్న మామిడికాయకు రాయి విసిరే పిల్లవాడు కోణం లెక్క వేసుకోడు కదా. కన్ను కాయ మీద ఉంటుంది, చెయ్యి మిగతాది చూసుకుంటుంది. ఇదీ అంతే. కాకపోతే ఆ చెయ్యిని తయారు చేయడానికి వేల బాణాలు కావాలి. నారిని మూడు వేళ్ళతో లాగాలి. చూపుడు వేలు బాణం పైన, మిగతా రెండూ కింద. విల్లును కాస్త పక్కకు వంచాలి. లాగిన చెయ్యి ప్రతిసారీ ఒకే చోటికి, నడిమి వేలు పెదవి మూలకు, చేరాలి. వాళ్ళు దాన్ని యాంకర్ అంటారు. బలం చేతి కండలది కాదు, భుజం వెనక రెక్కల మధ్యది. నారిని వదలడమంటే వేళ్ళు సడలించడమే. బాణం తగిలేదాకా విల్లు పట్టిన చెయ్యి కదలరాదు, చూపు తిరగరాదు. జింక మొత్తాన్ని చూడకూడదు, ఒక్క వెంట్రుకను చూడాలి. అర్జునుడికి పక్షి కన్ను తప్ప ఏమీ కనిపించలేదన్న కథ మనం పిల్లలకు చెప్పి మరచిపోతాం. పెద్దాయన శిష్యుల చేత దాన్ని రోజూ సాధన చేయిస్తాడు, ఆ కథ ఎప్పుడూ వినకుండానే.

బాణం గురించి విడిగా ఒక పుస్తకం రాయవచ్చు. ఆరెగాన్ తీరంలో పెరిగే పోర్ట్ ఆర్ఫర్డ్ సీడార్ పుల్లలు శ్రేష్ఠం. తేలిక, తిన్నన, విరిస్తే కమ్మని వాసన. ఈకలు టర్కీ కోడివి. ఒక బాణానికి కుడి రెక్క ఈకలైతే మూడూ కుడివే కావాలి, ఎడమవైతే మూడూ ఎడమవే, కలిపితే బాణం గాలిలో తిరగడం చెడుతుంది. అన్నిటికన్నా ముఖ్యం పుల్ల వంపు బలం. నారి తోసినప్పుడు బాణం తిన్నగా పోదు. విల్లు పిడిని దాటేటప్పుడు వంగి, పాములా అటూ ఇటూ మెలితిరిగి, తర్వాత సర్దుకుంటుంది. పుల్ల మరీ మెత్తనైతే ఒక పక్కకు, మరీ బిర్రైతే ఇంకో పక్కకు పోతుంది. పెద్దాయన వంద పుల్లలు కొంటే విల్లుకు సరిపోయేవి పాతిక ఏరుతాడు. మిగతావి తోటలో చిక్కుడు పందిరికి పోతాయి. ములికి రెండంచుల వెడల్పుది. దాన్ని నూరి నూరి, చేతి మీద వెంట్రుక గొరిగి చూసి, అప్పుడు పొదిలో పెడతాడు. బాణం తుపాకీ గుండులా దెబ్బకు చంపదు, కోసి చంపుతుంది. మొద్దు ములికితో అడవికి పోయేవాడిని ఆయన తన కారులో ఎక్కనివ్వడు.

ఇంతా చేస్తే ఈ బాణం పోయే వేగం సెకనుకు 170 అడుగులు. ఇరవై గజాలంటే 60 అడుగులు. బాణానికి సెకనులో మూడో వంతు పైన పడుతుంది. నారి చప్పుడు సెకనుకు 1,100 అడుగులు దాటి పోతుంది కనుక జింక చెవిని ఇంచుమించు సెకనులో ఇరవయ్యో వంతులోనే చేరుతుంది. తెల్లతోక జింక ఆ మిగిలిన క్షణంలో పరుగుకు కాళ్ళు ముడుచుకుని ఒళ్ళు కిందికి దించేస్తుంది. ఊపిరితిత్తులకు వేసిన బాణం వీపు మీదుగా పోతుంది. అందుకే నారికి బీవర్ బొచ్చు చుట్టి చప్పుడు తగ్గిస్తారు. అందుకే ఇరవై గజాలు దాటితే వేయరు. చెక్క విల్లు వేటగాడు అడవిలో చేసే పనంతా ఆ ఇరవై గజాల లోపలికి చేరడమే. జింక ముక్కును మోసం చేయలేం కాబట్టి గాలి దిశ చూసుకోవాలి. జింకకు ఎరుపు తెలియకపోయినా కదలిక తెలుస్తుంది, తన చుట్టూ దాదాపు 300 డిగ్రీలు చూస్తుంది. కనుక దాని తల చెట్టు చాటుకు పోయినప్పుడే విల్లు లాగాలి. అది పక్కకు తిరిగి గానీ, కాస్త అవతలికి మళ్ళి గానీ నిలబడాలి. ముందుకాలు ముందుకు వేయాలి. ఇవన్నీ కుదిరితే సరే. ఒక్కటి తప్పినా పోనివ్వాలి.

చప్పుడు విని బాణం వేసిన దశరథుడు ఏం తెచ్చుకున్నాడో మనకు తెలుసు. ఈ విద్యలో మొదటి నిషేధం అదే. కనిపించనిదాని మీద, సగం కనిపించినదాని మీద, పరిగెత్తేదాని మీద బాణం వేయరాదు.

ఇప్పుడు షెడ్డులో కొలబద్ద పెట్టి చూసిన ఆ కుర్రాడి సంగతి. ఖమ్మం వైపువాడు, డెట్రాయిట్ దగ్గర కార్ల కంపెనీలో సాఫ్ట్‌వేర్ పని. నన్ను బాబాయ్ అంటాడు. పెద్దాయన దగ్గరికి నేనే తీసుకెళ్ళాను. మొదటి చలికాలమంతా షెడ్డు ఊడ్చాడు, బద్దలు మోశాడు. మరుసటి ఏడు సొంత విల్లు చేసుకున్నాడు, 47 పౌన్లది. వేట భద్రత కోర్సు పూర్తిచేసి లైసెన్సు తీసుకున్నాడు. రోజూ పొద్దున ఒంట్లో చలి వదలకముందే ఒక్క బాణం వేయాలి, అది ఎక్కడ తగిలిందో పుస్తకంలో రాసుకోవాలి. పెద్దాయన పెట్టిన నియమం అది. అడవిలో రెండో బాణం ఉండదు కాబట్టి లెక్కకు వచ్చేది ఆ మొదటిదేనంటాడు. జింక గుండె ఊపిరితిత్తుల చోటు ఒక కాగితం పళ్ళెమంత ఉంటుంది. పళ్ళెంలో ప్రతి బాణమూ పడే దూరం కుర్రాడికి 18 గజాలని తేలింది. అంతే, అది వాడి హద్దు. పందొమ్మిదో గజం వాడిది కాదు.

మిషిగన్‌లో విల్లు వేట అక్టోబరు 1న మొదలవుతుంది. ఒక రైతు అనుమతి ఇచ్చిన ఓక్ తోపులో పడిపోయిన చెట్టు మొదలు చాటున వాడు కూర్చునేవాడు. ఆ ఏడు మొదట్లోనే ఒక పెద్ద కొమ్ముల పోతు పాతిక గజాల దూరంలో నిలబడి చాలాసేపు నేల వాసన చూసిందట. వాడు విల్లు ఎత్తలేదు. ఆ మాట విన్న పెద్దాయన వాడి భుజం తట్టి, “ఇప్పుడు నువ్వు వేటగాడివి” అన్నాడు. జింక పడకముందే అన్నమాట! ఈ ఒక్క వాక్యం కోసమే నేను ఆ మనిషికి భక్తుణ్ణయ్యాను.

నెలాఖరులో ఒక సాయంత్రం వాడు ఫోన్ చేశాడు. గొంతు వణుకుతోంది. “బాబాయ్, బాణం వేశాను. ఆడజింక. పద్నాలుగు గజాలు. పెద్దాయన్ని తీసుకురండి.” మేము వెళ్ళేసరికి ఇంకా కాస్త వెలుగుంది. ఆడజింక ఒక్కటే వచ్చి ఓక్ కాయలు ఏరుకుంటోందట. గాలి వాడి ముఖం మీదికి ఉంది. జింక తల రెండు చెట్ల వెనక్కి పోయింది, వాడు లాగాడు. తల బయటికొచ్చింది, ముందుకాలు ముందుకు పడింది. భుజం వెనక ముడతపడ్డ ఒక వెంట్రుకల సుడి తప్ప ఏమీ కనిపించలేదన్నాడు. ఎప్పుడు వదిలాడో వాడికి తెలియదు. నారి చప్పుడుకు ఉలిక్కిపడి ఉరికింది, అంతే.

పెద్దాయన జింక పోయిన దిక్కు చూడనేలేదు. బాణం కోసం వెతికాడు. అవతల మట్టిలో దిగి ఉంది, ఈకలదాకా తడిసి. నురుగు కలిసిన లేత ఎరుపు. ఊపిరితిత్తులన్నమాట. ముదురు ఎరుపైతే కాలేయం, కొన్ని గంటలు ఆగాలి. పచ్చని మరక, దుర్వాసన ఉంటే పేగులు, రాత్రంతా ఆగి పొద్దున రావాలి. లేత ఎరుపైనా ఆయన మమ్మల్ని అరగంట కూర్చోబెట్టాడు. తర్వాత కుర్రాణ్ణి ముందు నడవమన్నాడు. రాలిన ఆకుల మీద చుక్క, గడ్డి పరక మీద చుక్క. కనిపించిన ప్రతిచోటా తెల్లకాగితం ముక్క వేసుకుంటూ పోవాలి. దారి తప్పితే వెనక్కి తిరిగి చూసుకుంటే ఆ కాగితాల వరస జింక ఎటు మళ్ళిందో చెబుతుంది. వాగు గట్టు దగ్గర, బాణం వేసిన చోటికి ఎనభై అడుగులు కూడా లేదు, పడి ఉంది. పరుగులోనే పోయిందన్నాడు పెద్దాయన. బాణం దిగిన చోటూ వెలికి వచ్చిన చోటూ రెండూ వేలితో తడిమి చూసి, కుర్రాడికి చెయ్యి చాచాడు. వాడు ఆ చెయ్యి పట్టుకుని ఏడ్చాడు. ఆ ఏడుపులో సంతోషం ఎంతో దుఃఖం ఎంతో విడదీయలేను, విడదీయాల్సిన పని కూడా లేదు. ప్రాణం తీసినవాడికి ఆ రెండూ ఉండాలి.

పొట్ట కోసి పేగులు తీయడం, ట్యాగు కట్టడం, చలిగాలికి వేలాడదీయడం అన్నీ వాడి చేతే చేయించాడు. వెన్ను పక్క మాంసం అంత మెత్తనిది ఏ దుకాణంలోనూ దొరకదు. మిరియాలూ నెయ్యీ తప్ప ఏమీ వేయకుండా చేశారు. ఒక కాలు స్థలం ఇచ్చిన రైతుకు వెళ్ళింది.

ఇంత సాధనను, ఇంత నిగ్రహాన్ని మనుషులు డబ్బుతో దాటేయాలని చూస్తున్నారు. నా బాధ అది. మిస్సోరికి చెందిన హాలెస్ అలెన్ 1966లో కాంపౌండ్ విల్లుకు పేటెంటు అడిగాడు, 1969లో వచ్చింది. కొసన ఉన్న కప్పీలు తిరగ్గానే బరువు తగ్గిపోతుంది. 70 పౌన్ల విల్లును పూర్తిగా లాగాక చేతికి ఆనేది 14 పౌన్లే. హాయిగా పట్టుకుని నిలబడవచ్చు. నారి వదలడానికి ట్రిగ్గరు, గురికి వెలిగే చుక్కలు, దూరం చెప్పడానికి లేజరు, సెకనుకు 300 అడుగుల బాణం. మైదానంలో దాంతో పోటీ పడేవాళ్ళ మీద నాకు ఏ పేచీ లేదు. మన విజయవాడ అమ్మాయి వెన్నం జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో కాంపౌండ్‌తోనే మూడు స్వర్ణాలు తెచ్చింది, ఆ రోజు నేనూ మిఠాయి పంచాను. కానీ అడవి మైదానం కాదు. అక్కడ ఆ యంత్రం మనిషికి నేర్పేది ఒక్కటే, దూరం నుంచి వేయడం. నలభై గజాలు, యాభై గజాలు, ఇప్పుడు ఎనభై గజాల నుంచి వేశానని గొప్పలు చెప్పుకునేవాళ్ళు కూడా తయారయ్యారు. ఎనభై గజాల నుంచి వేసినవాడు జింకను ఎప్పుడు తెలుసుకున్నాడు?

క్రాస్‌బో అంతకన్నా పెద్ద అన్యాయం. తుపాకీ మడమ, దుర్భిణి, ట్రిగ్గరు. ముందే లాగి పెట్టుకుని కూర్చోవడమే. చెయ్యి పనిచేయనివాళ్ళకు, వృద్ధులకు ఇవ్వండి, ఎవరూ వద్దనరు. విస్కాన్సిన్ రాష్ట్రం 2014లో అందరికీ తలుపులు తెరిచింది. కొన్నేళ్ళకే అక్కడ క్రాస్‌బోతో పడిన జింకల సంఖ్య విల్లుతో పడినవాటిని దాటిపోయింది. 1934లో దేశంలోనే మొదటిసారి విల్లుకంటూ ప్రత్యేక జింకల వేట కాలం కేటాయించిన రాష్ట్రం అది! ఆ గౌరవం తెచ్చిపెట్టిన పెద్దల ఆత్మలు క్షోభించవా?

వీటికి తోడు నకిలీలు. ‘సంప్రదాయ విల్లు’ పేరుతో ప్లాస్టిక్ పిడికి చెక్క గీతల అట్ట అంటించి అమ్ముతున్నారు. కార్బన్ గొట్టం మీద సీడార్ నార బొమ్మ అచ్చువేసి చెక్క బాణం రూపు తెస్తున్నారు. యంత్రం మీద అచ్చంగా ఒకే మందాన కోసి, టిల్లరింగ్ అనే పని ముట్టకుండా పెట్టెల్లో నింపిన విల్లులు వస్తున్నాయి. ఒక రెక్క బిర్రు, ఒక రెక్క మెత్తన. కొత్తగా నేర్చుకునే పిల్లలు వాటితో వేసి, బాణం పక్కకు పోతే, తమకు ఈ విద్య రాదని వదిలేస్తున్నారు. తప్పు పిల్లలది కాదు, ఆ చెత్త కట్టెది. ఇక అడవిలో చెట్టుకు కట్టిన కెమెరా జింక వచ్చిన క్షణంలో ఫోనుకు ఫోటో పంపుతోంది. అడుగుజాడ చదవడం, రాపిడి పడిన చెట్టు బెరడు చదవడం ఎవరికి కావాలి ఇక? పెద్దాయన షెడ్డులో వారానికి ఆరుగురు కుర్రాళ్ళు ఉండే రోజులున్నాయట. ఇప్పుడు మావాడొక్కడే.

మన గడ్డ మీద ఈ విద్య లేదా అంటే, ఉంది. నల్లమల చెంచులూ గోదావరి అడవుల కోయలూ కొండరెడ్లూ విల్లు పట్టినవాళ్ళే. మన్యంలో చైత్రమాసపు ఇటుకల పండుగకు మగవాళ్ళు విల్లంబులతో కదిలే ఆచారం తరాల నాటిది. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం వేటను నిషేధించింది, అది ఉండాల్సిన చట్టమే. మన దగ్గర అడవులు మిగిలింది కొద్ది, జింకలు మిగిలింది ఇంకా కొద్ది. కాబట్టి ఈ వ్యాసం చదివి ఎవరూ జింక వైపు బాణం ఎత్తవద్దు. అమెరికాలో 1900 నాటికి కొన్ని లక్షలకు దిగజారిన తెల్లతోక జింకలు ఇప్పుడు కోట్లలో ఉన్నాయి. వేటగాళ్ళ లైసెన్సు రుసుము, విల్లుల మీద తయారీదారు కట్టే 11 శాతం పన్ను వన్యప్రాణుల సంరక్షణకు పోతాయి. అక్కడి న్యాయం ఇక్కడికి వర్తించదు. కానీ వేట ఆగితే విల్లు చేయడం ఎందుకు ఆగాలి? ఏ వెదురు ఏ నెలలో కోయాలో, ఏ కర్ర ఎంత ఆరాలో తెలిసిన కోయ తాతలు ఉండగానే వాళ్ళను మన విలువిద్య అకాడమీలకు గురువులుగా పిలవండి. గౌరవంగా జీతమిచ్చి పిలవండి. పర్యాటకులకు అమ్మే రంగురంగుల బొమ్మ విల్లు వాళ్ళ విద్య కాదు, వాళ్ళ విద్యకు అవమానం.

అమెరికాలో ఉన్న తెలుగు కుర్రాళ్ళకూ అమ్మాయిలకూ నా విన్నపం ఒకటి. వేటకు వెళ్ళాలని ఉంటే పెద్ద దుకాణంలో మొదటగా కనిపించిన యంత్రం కొనుక్కోకండి. చాలా రాష్ట్రాల్లో సంప్రదాయ విలుకాళ్ళ సంఘాలు ఉన్నాయి, వేసవిలో మేళాలు పెడతారు, కొత్తవాళ్ళను ఆదరిస్తారు. 35 పౌన్లు మించని విల్లుతో మొదలుపెట్టండి. మీ ఊరి చుట్టుపక్కల షెడ్డులో బద్దలు చెక్కుకునే పెద్దమనిషి ఎవరో కనుక్కుని వెళ్ళండి. మొదట చీపురు చేతికిస్తాడు. తీసుకోండి.